మలాము రాసే చెయ్యి

వెల్డన్ ఇల్లు మారాడు గాని పడవ మారలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రెండు సంచీలు సర్దుకుని ట్రూడీ ఇంటికి వెళ్ళిపోయిన మనిషి, సోమవారం పొద్దున్నే ఏమీ ఎరగనట్టు రేవులో నిలబడి ఉన్నాడు. అతని పెళ్ళాం ఆర్డిత్ కూడా వచ్చింది. రాక ఏం చేస్తుంది? పడవ ఇద్దరిదీ. నీళ్ళలో మునిగేవాడికి లైసెన్సు ఉన్నట్టే పడవ మీద సాయం ఉండే మనిషికీ ఉండాలి, ఆ లైసెన్సు ఆమెది. సీజను ముగియడానికి ఇంకో వారముంది. వారం కోసం కొత్త మనిషిని ఎక్కడ వెతుకుతాడు? మొగుడూ పెళ్ళాలు విడిపోతే విడిపోతారు, సముద్రం అడుగున రాళ్ళకి కరుచుకుని బతికే ముళ్ళకాయలు, ఆ సీ అర్చిన్లు, ఎవరి కోసమూ ఆగవని హార్లో కోవ్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు.

రేవు మీద సరుకు కొనే కార్ల్టన్ తన లారీ మెట్టు మీద కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముసలాడికి నోరు ఊరుకోదు.

"ఏం ఆర్డిత్, ఇవాళ ఫ్లాస్కులో కాఫీ ఇద్దరికా, ఒక్కరికేనా?"

"నీ నోట్లో పళ్ళెన్ని మిగిలాయో చూసుకో ముందు. నా ఫ్లాస్కు సంగతి నీకెందుకు?"

"అడిగితే తప్పా అమ్మాయ్?"

"తప్పే," అని ఆమె పడవ తాడు విప్పింది. వెల్డన్ ఇంజను వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. చలికో, సిగ్గుకో తెలీలేదు.

గల్ రాళ్ళు అనే చోట లంగరు వేశారు. నీళ్ళ మీద ఆవిరి పొగలాగా లేస్తోంది. అంత చలిలో గాలి కన్నా సముద్రమే నయం, కాస్త వెచ్చగా ఉంటుందని ఇక్కడివాళ్ళు జోకులేసుకుంటారు గాని, మునిగేవాడు మాత్రం ఆ జోకుకి నవ్వడు. వెల్డన్ రెండు జతల ఊలు బట్టల మీద, నీరు చొరబడని సూటు తొడుక్కున్నాడు. వీపు మీది జిప్పు తనంతట తాను వేసుకోలేడు. ఆర్డిత్ ముందు జిప్పు పొడవునా మైనం రుద్ది, మోకాలు అతని నడుముకి ఆనించి, ఒక్క గుంజుతో భుజం దాకా లాగింది. లాగాక చివర వేలుపెట్టి చూసింది. మందపాటి రబ్బరు టోపీ తల మీదుగా దింపి, చెవుల దగ్గర సర్ది, నుదుటి మీద బయటికి వచ్చిన జుట్టు లోపలికి తోసింది. ఒక్క వెంట్రుక మాస్కు కింద పడినా నీళ్ళు కారతాయి. చేతి తొడుగులు సూటు చేతుల కొసల ఉండే కట్లకి బిగించింది. ఇక అతని చేతులు అతనికి పనికిరావు. ఆ లావు వేళ్ళతో కొంకి పట్టుకుని ముళ్ళకాయలు గీకగలడు గాని సొంత ముక్కు గోక్కోలేడు.

ఇంత చేసినా ముఖం మిగిలిపోతుంది. పెదాలు, గడ్డం, బుగ్గల కింది భాగం, టోపీ అంచుకీ మాస్కుకీ మధ్య సన్నటి తోలు పట్టీ. అంతే, అరచేయంత కూడా ఉండదు. ఆ మాత్రం చోటు చాలు సముద్రానికి.

ఆర్డిత్ చొక్కా లోపలి నుంచి డబ్బా తీసింది. ఆవుల పొదుగులు పగిలితే పాలవాళ్ళు రాసేలాంటి మలామే, గొర్రె ఊలు నుంచి తీసిన కొవ్వుతో చేసింది. బయట ఉంచితే రాయిలా గట్టిపడుతుంది కాబట్టి పొద్దుటి నుంచీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. వెల్డన్ ఇంజను పెట్టె మీద కూర్చుని కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తాడు. అలవాటు మనిషిది కదా, మనసు ఇల్లు దాటినా మెడ మాత్రం ఎప్పటిలాగే లేచింది.

ఆమె తన చేతి తొడుగులు తీసేసి, రెండు వేళ్ళతో కాస్త మలాము తీసి, అరచేతిలో కరిగేదాకా రుద్దింది. ముందు పెదాలు. మూలల్లో పగుళ్ళుంటాయి, అక్కడ రెండోసారి. తర్వాత గడ్డం. తర్వాత బుగ్గలు, కింది నుంచి పైకి, కానీ మాస్కు కూర్చునే చోటికి వేలెడు దూరంలో ఆగిపోవాలి. ఆ గీత ఎక్కడుందో వెల్డన్ ముఖం మీద ఎవరూ గీసిపెట్టలేదు. ఆర్డిత్ వేళ్ళకి తెలుసు. మలాము ఆ గీత దాటితే రబ్బరు జారుతుంది, రబ్బరు జారితే నీళ్ళొస్తాయి.

ఈ వారం రోజులూ ఈ ముఖం నాదే, అనుకుంది ఆర్డిత్. పడక ట్రూడీది, భోజనం ఆవిడది, సాయంత్రాలు ఆవిడవి. ఇది మాత్రం నాది. ఇలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకుంది. ఇంకా ముందుకి కూడా వెళ్ళింది. రోజూ ఇలా కళ్ళు మూసుకుని ముఖం చేతికిచ్చే మనిషి ఎంత దూరం పోగలడు? సీజను అయ్యేలోపు ఏదో ఒక పొద్దున కళ్ళు తెరిచి, "ఆర్డీ, తప్పయిపోయింది" అంటాడేమో. మునిగేవాడికి గాలి ఎంతో ఆమెకి ఆ ఆశ అంత.

"ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా మండుతుందా?" అని అడిగింది. అడగకూడదనే అనుకుంది, నోరు జారింది.

"మండుతుంది."

"నీ దగ్గు?"

"ఆర్డీ," అన్నాడు వెల్డన్ కళ్ళు తెరవకుండానే. "అవన్నీ ఇప్పుడెందుకు?"

ఆమె మాస్కు అతని ముఖానికి అదిమి, పట్టీ తల వెనక్కి లాగింది. అతను నోట్లో గాలిగొట్టం కరిచిపట్టి, పడవ అంచు మీద నుంచి వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాడు. ఆ రోజు సరుకు బాగా పడింది. సంచీలు నిండి, వాటికి కట్టిన గాలితిత్తులతో పైకి తేలాయి, ఆమె ఎత్తి పోసింది, చిన్నవి ఏరి నీళ్ళలోకి విసిరింది, ఒకటి పగలగొట్టి, కొనేవాళ్ళు తినడానికి కోరే లోపలి గుడ్లు పసుపుగా ఉన్నాయా లేదా చూసింది. మంగళవారమూ అంతే. మాటలు తక్కువ, పని ఎక్కువ. పగలగొట్టిన కాయలో బంగారంలాంటి గుడ్లు చూసి, "చూడు ఎంత బాగున్నాయో" అని ఆమె అంటే, అతను తల ఊపి నవ్వబోయి మానేశాడు. ఆ సగం నవ్వు పట్టుకుని ఆర్డిత్ ఇంటికి వెళ్ళింది.

బుధవారం గాలి ఉత్తరానికి తిరిగింది. వెల్డన్ రేవు మీదికి వస్తుంటేనే అతని ముఖం దూరం నుంచి మెరిసింది. ఆర్డిత్ ముందు చెమట అనుకుంది. అంత చలిలో చెమటేమిటి? పడవెక్కి దగ్గరికొచ్చాక వాసన తెలిసింది. మందుల షాపులో అమ్మే పెట్రోలియం జెల్లీ.

"ఇదేంటి?"

"ట్రూడీ రాసింది, గుమ్మం దగ్గర ఆపి మరీ," అన్నాడు వెల్డన్. చెబుతూ చెబుతూ, ఎవరికి చెబుతున్నాడో మరిచిపోయి, కొద్దిగా నవ్వాడు. "నీకు ఒక పని తప్పింది."

ఆర్డిత్ చెయ్యి చొక్కా లోపలి డబ్బా మీదే ఉండిపోయింది. తనకి ఒక పని తప్పింది. ముప్పై చలికాలాలుగా చేస్తున్నదానికి పేరు పనా? పుండు మీద కారం చల్లినవాడికైనా అది కారమని తెలుస్తుంది. ఈ మనిషికి అదీ తెలియలేదు.

లంగరు వేశాక జిప్పు లాగింది, టోపీ దింపింది, తొడుగులు బిగించింది. ఎండ అతని ముఖం మీద పడింది. అప్పుడు స్పష్టంగా కనిపించింది. ట్రూడీ నుదురంతా రాసింది. కణతలకి రాసింది. బుగ్గ ఎముకల మీద, ముక్కు కింద, మాస్కు రబ్బరు కూర్చునే ప్రతి చోటా దట్టంగా, ప్రేమగా, ఎక్కడా ఖాళీ లేకుండా రాసింది. ట్రూడీ ఊళ్ళో కొట్టు వెనకాల డోనట్లు వేయించి, కేకులు కాల్చే మనిషి. కేకు పళ్ళేనికి నెయ్యి రాసినట్టు అంచుల దాకా రాసింది.

దాన్ని సబ్బు నీళ్ళతో, గుడ్డతో తుడవాలి. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ రాయాలి. రెండో ఫ్లాస్కులో వేడినీళ్ళున్నాయి, సబ్బు ఉంది, గుడ్డ ఉంది. 'తుడవనీ' అని ఒక్క మాట అంటే చాలు. ఆర్డిత్ ఆ మాట అనలేదు. పో, మునుగు, ఆవిడ చేతి పని ఎంతటిదో నీకే తెలుస్తుంది, అని కోపంగా అనుకుంది. మాస్కు తీసి ఆ మెరిసే ముఖం మీద పెట్టింది. పట్టీ లాగింది. రబ్బరు వేళ్ళ కిందే కొద్దిగా జారడం ఆమెకి తెలిసింది. అయినా అతని భుజం మీద తట్టింది, ఇక వెళ్ళమన్నట్టు. వెల్డన్ వెనక్కి వాలాడు.

నీటి మీద బుడగలు వచ్చాయి. కాసేపు రాళ్ళ వెంట వరసగా నడిచాయి. ఆర్డిత్ పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని వాటినే చూసింది. కోపం బుడగల కన్నా ముందే పోయింది. ఇంత చల్లటి నీళ్ళు కళ్ళలోకి వస్తే నుదురు పగిలిపోయినట్టుంటుంది, ఏమీ కనబడదు. పెదాలు మొద్దుబారితే గొట్టం నోట్లో ఉందో జారిందో మనిషికే తెలీదు. ఇవన్నీ ఆమెకి తెలుసు. తెలిసే పంపింది. బుడగలు ఒకచోట ఆగాయి. తర్వాత ఒక్కసారిగా గుంపుగా, అడ్డదిడ్డంగా వచ్చాయి. "దేవుడా, నేనేం చేశాను," అని పైకే అంది. లంగరు తాడు మీద చెయ్యి వేసి, ఏం చేయాలో తెలీక, వదిలేసింది.

వెల్డన్ పడవకి దూరంగా తేలాడు. సంచీ లేదు, కొంకి లేదు. మాస్కులో సగం నీళ్ళు. గొట్టం గడ్డం కింద వేలాడుతోంది, అతను మాత్రం అది నోట్లోనే ఉందనుకుని కరుస్తున్నాడు. ఆర్డిత్ తాడు విసిరింది. లాగింది. మెట్ల దగ్గర అతని వీపు పట్టీలు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, అంత బరువునీ పడవలోకి ఈడ్చింది. మాస్కు తీసేసరికి ఉత్తరపు గాలి తడి ముఖాన్ని కొట్టింది. నీళ్ళు చేయలేని పని గాలి చేస్తుంది. చూస్తుండగానే కుడి బుగ్గ మీద మైనం ముద్దలాంటి తెల్లటి మచ్చ లేచింది.

రుద్దకూడదు. రుద్దితే తోలు ఊడొస్తుంది. ఆమె అతన్ని గాలికి అడ్డంగా కేబిన్ చాటుకి జరిపి, కోటు విప్పి తల మీద కప్పి, తన అరచేతిని తన మెడకి ఆనించి వెచ్చబరిచి, ఆ మచ్చ మీద పెట్టింది. చల్లబడగానే తీసి రెండో చెయ్యి పెట్టింది. అలా చాలాసేపు చేసింది. వెల్డన్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మచ్చ నెమ్మదిగా గులాబీ రంగుకి, తర్వాత ఎరుపుకి తిరిగింది. నొప్పి మొదలై అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి వచ్చిందంటే తోలు బతికినట్టే.

చెప్పేయాలి, అనుకుంది ఆర్డిత్. నేను చూశాను, తెలిసే ఊరుకున్నాను, అని చెప్పేయాలి. తిడితే తిడతాడు. తిట్టించుకోవడం కూడా ఒక రకంగా దగ్గరితనమే. ఆమె నోరు తెరిచింది.

వెల్డనే ముందు మాట్లాడాడు. పెదాలు ఇంకా వంగడం లేదు, మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "ఆ జెల్లీ వల్లే. అంచుల్లోకి పోయింది."

"ఊఁ."

"ఆర్డీ, ఒక్క సాయం చెయ్యి. ట్రూడీకి చెప్పకు. పాపం, ఎంతో బాగా చేశాననుకుంది. తెలిస్తే బాధపడుతుంది."

ఆమె చెయ్యి అతని బుగ్గ మీదే ఉంది. కిందటి చలికాలంలో ఆమె తాడు వదిలేస్తే సంచీ ఒకటి మునిగిపోయింది. రేవంతా పడీపడీ నవ్వేలా ఆ కథ వారం రోజులు చెప్పినవాడు ఇతనే. ఆర్డిత్ బాధపడుతుందని ఏనాడూ ఎవరి నోరూ మూయించలేదు. ప్రాణం గొంతులోకి వచ్చి ఇంకా దిగకముందే, ఈ మనిషి బెంగ పెట్టుకున్నది ఇంకొకరి మనసు గురించి. ఎవరి మీద ప్రేముందో ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు? ఇక సీజను ముగిసేదాకా ఆగి చూడడానికి ఏమీ లేదు. ఆమె గుండె అప్పుడు పగిలింది. ఆదివారం సంచీలు సర్దినప్పుడు కాదు.

"చెప్పను," అంది. లంగరు తనే ఎత్తి, చుక్కాని తనే పట్టుకుంది.

మధ్యాహ్నం ఊళ్ళో కొట్టు ఖాళీగా ఉంది. వెనక వంటగదిలో ట్రూడీ నూనె బాణలి ముందు నిలబడి డోనట్లు తిప్పుతోంది. తలుపు దగ్గర ఆర్డిత్‌ని చూసి ఆమె చేతిలోని చిల్లుల గరిటె ఆగిపోయింది.

"ఆర్డిత్‌గారూ," అంది. "ఆయనకేమైనా..."

"ఏమీ కాలేదు. పొయ్యి ఆపు, అవి మాడిపోతున్నాయి."

ట్రూడీ పొయ్యి ఆపింది. చేతులు ముందుగుడ్డకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "మీరు నన్ను తిట్టడానికి వస్తే, తిట్టండి. నేను ఏమీ అనను. తిట్టేస్తే నాకూ బావుంటుంది."

"నీకు బావుండడం కోసం నేను రాలేదు," అంది ఆర్డిత్. చొక్కా లోపలి నుంచి డబ్బా తీసి పిండి చల్లిన బల్ల మీద పెట్టింది. "ఆ జెల్లీ ఎత్తి అవతల పారెయ్. రబ్బరుని తినేస్తుంది. ఇది రాయాలి. ఎలా రాయాలో చూపిస్తాను, కూర్చో."

"నేను సరిగ్గా రాయలేదా? అంచుల దాకా రాశానే, ఒక్క చోటు కూడా వదల్లేదు."

"అదేనమ్మా. నువ్వు రాసింది కేకు పళ్ళేనికి. మనిషి ముఖానికి అంచుల్లోనే రాయకూడదు."

ట్రూడీకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆర్డిత్ ఆగి, ఆ ఏడుపు అయ్యేదాకా కిటికీ వైపు చూసింది. తర్వాత ట్రూడీ పిండి మూట మీద కూర్చుని ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుంది. దగ్గర నుంచి చూస్తే వయసులో అంత చిన్నదేం కాదు. కళ్ళ పక్కన గీతలున్నాయి, కనురెప్పల మీద పిండి ఉంది. ఈ ముఖాన్ని అసహ్యించుకోవాలని ఆర్డిత్ నాలుగు రోజులుగా అనుకుంటోంది. వేళ్ళు తగిలాక అది మామూలు ముఖమైపోయింది. వెచ్చగా, మెత్తగా, కొద్దిగా వణుకుతూ ఉంది.

"ముందు అరచేతిలో కరిగించాలి. పెదాలకి. మూలల్లో రెండుసార్లు, అతనికి ఎడమ వైపు ఎప్పుడూ పగులుతుంది. గడ్డానికి. బుగ్గకి ఇక్కడిదాకానే. నా వేలు చూడు, ఎక్కడ ఆగింది?"

"ఎముక కింద."

"ఎముక మీదికి రాకు. ముక్కు కింద రాకు. నుదుటి మీద టోపీ అంచు దగ్గర ఈ సన్నటి చోటుకే, వేలి కొసతో. మాస్కు కింద వేలెడు చోటు పొడిగా ఉండాలి. చెమట పట్టినా తుడవాలి."

"మీరెందుకు నాకు ఇదంతా చెబుతున్నారు?"

"చెప్పకపోతే ఆ మనిషి చస్తాడు. చచ్చిన మనిషితో నీకూ పని లేదు, నాకూ లేదు." ఆర్డిత్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు నాకు రాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి."

ట్రూడీ భయంభయంగా మలాము కరిగించి, ఆమె పెదాలని తాకింది. ఆర్డిత్ కళ్ళు మూసుకుంది. వేళ్ళు వేడిగా ఉన్నాయి, యాలకుల వాసన వేస్తున్నాయి. గడ్డం మీదికి వచ్చాయి, బుగ్గల మీద కింది నుంచి పైకి నెమ్మదిగా కదిలాయి, ఎముక కింద ఆగాయి. ఆర్డిత్ ముఖాన్ని ఇలా ఎవరూ ముట్టుకోలేదు. తల్లి ముట్టుకుందేమో, గుర్తులేదు. ఇన్నేళ్ళూ తను ఆ మనిషికి రోజూ ఇచ్చింది ఇదన్నమాట, అనుకుంది. ఇంత ఇచ్చినట్టు తనకే తెలీదు. ఆమె చటుక్కున లేచి నిలబడింది.

"వచ్చింది. అంతే. డబ్బా ఎప్పుడూ ఒంటికి ఆనించి ఉంచుకో, గట్టిపడనీకు."

"మీకు?"

"నేనేం నీళ్ళలో దిగుతానా?" అని బయటికి నడిచింది.

గురువారం వెల్డన్ పడవెక్కినప్పుడు ఆర్డిత్ అతని ముఖం వైపు చూసింది. చూసిందంటే, తప్పు కోసం వెతికింది. ఎక్కడో ఒక చుక్క దాటి ఉంటుంది, ఒక మూల వదిలేసి ఉంటుంది, గుడ్డ తీసుకుని సరిచేయవచ్చు అనుకుంది. పెదాల మూలల్లో రెండో పూత ఉంది. బుగ్గ మీద నిన్నటి ఎర్రమచ్చ చుట్టూ జాగ్రత్తగా రాసి ఉంది. ఎముక కింద గీత గీసినట్టు ఆగిపోయింది. నుదుటి మీద మాస్కు చోటు పొడిగా ఉంది. ఆర్డిత్ వేలు పెట్టి సరిచేయడానికి ఏమీ మిగల్లేదు.

"నిన్న కొట్టుకి వెళ్ళావట," అన్నాడు వెల్డన్.

"డోనట్ల కోసం."

అతను కాసేపు తొడుగుల వైపు చూసుకున్నాడు. "మంచిదానివి ఆర్డీ," అన్నాడు. దీనికన్నా తిట్టినా బావుండేది. ఆమె జిప్పు లాగి, చివర వేలుపెట్టి చూసి, మాస్కు పెట్టింది. రబ్బరు చర్మానికి కరుచుకుని కూర్చుంది. అతను వెనక్కి వాలాడు. బుడగలు రాళ్ళ వెంట వరసగా, ప్రశాంతంగా నడిచాయి.

సరుకు బాగానే పడింది. ఆమె సంచీలు ఎత్తింది, కొక్కేలు విప్పడానికి తొడుగులు తీసింది, మళ్ళీ వేసుకుంది, మళ్ళీ తీసింది. ఎప్పుడూ చేసే పనే. పొద్దెక్కేసరికి వేళ్ళ కొసలు బిగుసుకున్నట్టనిపించాయి. తర్వాత బొటనవేలి పక్కన తోలు సన్నగా చీలింది. ఇంకో వేలు, ఇంకో వేలు. ఉప్పునీళ్ళు చీలికల్లోకి పోయి భగ్గుమన్నాయి. కాయలు పోసే పెట్టె అంచు మీద ఎర్రటి మరకలు పడితే, ముందు అవి ఏమిటో ఆమెకి అర్థం కాలేదు.

రేవుకి వచ్చాక వెల్డన్ సామాను సర్దుకుని త్వరగా వెళ్ళిపోయాడు. కొట్టు మూసే వేళకి అతను అక్కడుండాలి. కార్ల్టన్ పెట్టెలు లారీ ఎక్కిస్తూ ఆమె చేతుల వైపు చూశాడు.

"ఏంటమ్మాయ్ ఆ చేతులు? ఇన్నేళ్ళు పడవ మీద ఉన్నావు, మలాము రాసుకోవాలని తెలీదా?"

"ఎప్పుడూ రాసుకోలేదు."

"రాసుకోకుండానేనా ఇన్ని చలికాలాలు గడిపావు?"

ఆర్డిత్ తన వేళ్ళు తిప్పి చూసుకుంది. "అతని ముఖానికి రాస్తే వేళ్ళకి కొంచెం మిగిలేది," అంది. "అదే సరిపోయేది."

కార్ల్టన్ ఆమె ఎత్తబోయిన పెట్టెని తనే అందుకుని లారీలో పెట్టాడు, మిగతావి కూడా ఆమెని ముట్టుకోనివ్వలేదు.